సీదా ఉల్టా లేని గుడ్డ

తెల్లవారుజామున రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళితే హమాలీల తలలు చూడండి. ఐసు నీళ్లు కారే పెట్టెను నెత్తికెత్తుకునే ముందు ప్రతివాడూ భుజం మీది తువ్వాలను నాలుగు మెలికలు తిప్పి చుట్టకుదురు చేసుకుంటాడు. పెట్టె దించాక దాంతోనే మెడ తుడుచుకుంటాడు. టీ బండి దగ్గర వేడి గ్లాసు పట్టుకోవడానికీ అదే, చిల్లర కొంగున ముడివేసుకోవడానికీ అదే, మధ్యాహ్నం అరుగు మీద పరుచుకుని నడుం వాల్చడానికీ అదే. నేను అడిక్‌మెట్‌లో కాపురం పెట్టిన నాటి నుంచీ చేపలకు పోయినప్పుడల్లా నా చూపు ఆ గుడ్డల మీదికే పోతుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని. రంగు కంటబడితే అది దేనితో వేశారు, ఎన్ని ఉతుకులకు పోతుంది అని మనసులో లెక్క మొదలవుతుంది.

ఆ తువ్వాళ్లలో చాలా మట్టుకు షోలాపూర్ సరుకు. షోలాపూర్ అంటే మరాఠీ ఊరే గానీ, అక్కడి మగ్గాల చుట్టూ బతికేవాళ్లలో తెలంగాణ నుంచి తరతరాల కింద వలసపోయిన పద్మశాలీలు వేలమంది. కాబట్టి మహారాష్ట్ర చీటీ అంటించుకుని వచ్చినా అది మనవాళ్ల చేతిదే అని అనుకోవచ్చు. చవక. రెండు ఎండాకాలాలు గడిచేసరికి వెలిసిపోతుంది, ఆ తరువాత ఆటో అద్దం తుడవడానికి పనికొస్తుంది. దాన్ని తప్పు పట్టడానికేమీ లేదు. నాకు వింతగా తోచేది వేరే ఉంది: సరిగ్గా ఈ పనులకే, అంటే మూట, తలగుడ్డ, చెమట, చేపల వాసన కోసమే, ఒకప్పుడు మన తెలుగు నేల మీద నూలును రెండు మూడు వారాలు నూనెలో ఊరబెట్టి, దారం దారానికి లెక్కగా కట్లు కట్టి, రంగు అద్ది, అప్పుడు నేసేవాళ్లు. కూలివాడి నెత్తికి అంత కష్టమైన గుడ్డ.

మా అమ్మమ్మగారిది చీరాల పక్కన వేటపాలెం. ఆ ఇంట్లో ఆవకాయ జాడీలకు వాసెన కట్టే గుడ్డల్లో ఒకటి ముదురు ఎరుపుది ఉండేది. చుట్టూ వెడల్పుగా ఒకే రంగు అంచు, లోపల గళ్లు, గడికో బొమ్మ. బొమ్మ అంటే పువ్వో ఆకో అని చెప్పలేం. చదరాలు, మెట్లు మెట్లుగా పేర్చిన నలుపు తెలుపు చుక్కలు. తాతయ్య తలకు చుట్టి చుట్టి అది నలిగిపోయాక వంటింట్లోకి వచ్చిందట. దానికి ఆవకాయ నూనె అంటిందా, దాని నూనే ఆవకాయకు అంటిందా అని మామయ్య ఎగతాళి చేసేవాడు. అమ్మమ్మ మాత్రం దాన్ని చాకలికి వేసేది కాదు. అది తేలియా రుమాలు.

చీరాల, దాని చుట్టుపక్కల ఊళ్లలో నేసిన చదరపు గుడ్డ ఇది. మూరన్నర నుంచి రెండున్నర మూరల దాకా ఉంటుంది. పొడవాటి పడుగు మీద వరుసగా నేసుకుంటూ పోయి, తరువాత ఒక్కొక్కటిగా కత్తిరించేవాళ్లు. రంగులు మూడే: ఎరుపు, నలుపు, నూలు తెలుపు. సముద్రం మీదికి పోయే జాలర్లు, పశువుల కాపర్లు, పొలం పనివాళ్లు తలకు చుట్టుకునేవాళ్లు, భుజాన వేసుకునేవాళ్లు, లుంగీగా కట్టుకునేవాళ్లు. ఓడల్లో ఈ గుడ్డే ఏడెన్‌కూ, అరబ్బు రేవులకూ, తూర్పు ఆఫ్రికాకూ, బర్మాకూ పోయింది. ఎగుమతి వర్తకుల నోట దానికి ఏషియా రుమాలు అనే పేరు కూడా ఉంది. ఎడారి ఎండలో తల చల్లగా ఉంచుతుందనీ, ఇసుక ధూళిని ఆపుతుందనీ అక్కడివాళ్లు దాన్ని ఇష్టపడ్డారు. హైదరాబాద్‌లో దాని దారి ఇంకోటి. ఇక్కడ నిజాం కొలువులో మగవాళ్ల తలపాగాకూ, పెద్దింటి ఆడవాళ్ల దుపట్టాకూ ఇది ఎక్కింది. జాలరి నెత్తి మీదిదీ, దేవిడీలో బేగం భుజం మీదిదీ ఒకే నూనె వాసన వేసే గుడ్డ కావడం నాకు భలే నచ్చిన సంగతి.

ఇక ఆ నూనె గురించి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ రుమాలు గురించి రాసేవాళ్లలో చాలామంది డిజైన్ల దగ్గరే ఆగిపోతారు.

ముందు ఆముదం కాయల తొక్కలు కాల్చి బూడిద చేస్తారు. ఆ బూడిదను నీళ్లలో కలిపి, తేరాక పైతేట తీసుకుంటారు. అందులో నువ్వుల నూనో ఆముదమో పోసి చిలుకుతారు. చీరాల పాత పద్ధతిలో గొర్రె పెంటికలు కూడా పడతాయి. ఆ పాల లాంటి నీళ్లలో చిలపనూలు ముంచి, చేత్తోనూ కాళ్లతోనూ బాగా పిసికి తొక్కి, ఎండలో ఆరేస్తారు. మర్నాడు మళ్లీ ముంచడం, తొక్కడం, ఆరేయడం. ఆ మర్నాడూ అంతే. రెండు మూడు వారాల పాటు ఇదే పని. మబ్బు పట్టిందా, పని ఆగింది. చివరికి నూలు పసుపు తిరిగి, మెత్తబడి, చేతికి జిడ్డుగా తగులుతుంది.

బడిలో చెప్పిన పాఠం ప్రకారం చూస్తే ఇందులో ప్రతి అడుగుకూ కారణం ఉంది. నూలుకు అలిజరిన్ ఎరుపు తనంతట తాను అంటదు, మధ్యలో పటిక కావాలి. పటికలోని అల్యూమినియం అటు దారాన్నీ ఇటు రంగునూ పట్టుకుంటుంది. అయితే శుభ్రంగా ఉతికిన నూలు మీద అల్యూమినియం పట్టు కూడా అంతంతమాత్రమే. అందుకని దారానికి ముందే కొవ్వు పట్టించాలి. ఆముదం తొక్కల బూడిదలో పొటాష్ క్షారం దండిగా ఉంటుంది. అది నూనెను విరగ్గొట్టి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. రోజూ ఎండా గాలీ తగిలేకొద్దీ ఆ కొవ్వు దారంలో పాతుకుపోతుంది. అల్యూమినియం దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, అలిజరిన్ వచ్చి అల్యూమినియాన్ని పట్టుకుంటుంది. ఇక ఆ ఎరుపును ఉతికి వదిలించడం కష్టం. పటికకు బదులు ఇనుప లవణం వాడితే అదే అలిజరిన్ నలుపు తిరుగుతుంది. ఒక రంగు సామాను, రెండు లవణాలు, ఏమీ తగలని చోట తెలుపు. మూడు రంగుల లెక్క ఇదే. ఇంతా చేసి ఆ పనివాళ్లు లవణం అన్న మాట విని ఉండరు. నేను పదో తరగతికి ఈ పాఠం చెప్పేటప్పుడు రుమాలు తీసుకుపోయి చూపించి ఉంటే పిల్లలు నాతో పాటు ఇంకాస్త మేలుకుని ఉండేవాళ్లు.

యూరప్‌వాళ్లు ఈ విద్య కోసం పడ్డ పాట్లు చెబితే నవ్వొస్తుంది. వాళ్లు దీన్ని టర్కీ ఎరుపు అన్నారు. తూర్పు మధ్యధరా దేశాల నుంచి వచ్చే ఎర్ర నూలు ఎంత ఉతికినా పోదు, తమది పోతుంది. చివరికి 1740లలో ఫ్రెంచివాళ్లు గ్రీకు అద్దకపువాళ్లను పిలిపించుకుని నేర్చుకున్నారు. 1785లో పాపియాన్ అనే ఫ్రెంచి అద్దకపాయన సాయంతో గ్లాస్గోలో డేల్, మాకింటాష్‌లు కార్ఖానా పెట్టారు. అక్కడా నూనె, క్షారం, పేడ తప్పలేదు. తరువాత పందొమ్మిదో శతాబ్దంలో గ్లాస్గో దగ్గరి లెవెన్ లోయ నుంచి నెమళ్లు అచ్చేసిన టర్కీ ఎరుపు గుడ్డలు ఓడలకెక్కి మన దేశానికే వచ్చాయి. 1870ల తరువాత ఆముదాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపి టర్కీ రెడ్ ఆయిల్ చేశారు, వారాల తరబడి తొక్కే పని తగ్గింది. ఆ ఆముదం మరేదో కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లో పండే ఆ ఆముదమే.

రంగు సంగతి కూడా పూర్తిగా పాతకాలందని చెప్పలేం. మన కోస్తా ఇసుక నేలల్లో చిరివేరు అనే చిన్న మొక్క పెరుగుతుంది, దాని వేరే పాత ఎరుపు. పదిహేడో శతాబ్దంలో నిజాంపట్నం ప్రాంతపు వేరుకు మంచి పేరు, డచ్చి, ఇంగ్లీషు కంపెనీల కాగితాల్లో దాని ప్రస్తావన కనిపిస్తుంది. 1868లో ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు గ్రేబ, లీబర్‌మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. కొద్ది ఏళ్లలోనే ఆ పొడి ప్రపంచమంతా వేర్ల వ్యాపారాన్ని ముంచేసింది. మనం తేలియా రుమాలు అని మురిసిపోయే ఎరుపు ఆ పొడిదే. గొర్రె పెంటికలూ జర్మనీ డబ్బా ఒకే గాబులో పడ్డాయన్నమాట. సహజ రంగులు, సనాతన పద్ధతి అంటూ అమ్మకానికి రాసే కాగితాలు ఈ డబ్బా పేరు ఎత్తవు. నాకైతే ఆ డబ్బా వల్ల గౌరవం ఏమీ తగ్గలేదు. కొత్త సామాను దొరికితే పాత నూనెకు దాన్ని జతచేసిన తెలివి వాళ్లది.

నూలు తయారయ్యాక కట్టు మొదలవుతుంది. పడుగునూ పేకనూ రెండింటినీ నేతకు ముందే కట్టి అద్దుతారు. తెల్లగా మిగలాల్సిన చోట దారాల గుత్తికి గట్టిగా చుట్టి ఎరుపులో ముంచడం, తరువాత ఎర్రగా మిగలాల్సిన చోట కట్టి నలుపులో ముంచడం. ఈ పనిని చిటికి అంటారు. పోచంపల్లి వైపు ఇప్పుడు సైకిల్ ట్యూబును సన్నగా కోసిన పట్టీలతో కడుతున్నారు, నీళ్లు దూరవు. పేక నూలును ముందుగా మేకుల మీద అటూ ఇటూ చుట్టే ఆసు పని ఇంటి ఆడవాళ్లది. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి పైకీ కిందికీ ఆడాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసింది అందుకే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, సినిమా కూడా వచ్చింది. ఇన్ని చేశాక మగ్గం మీద పడుగు మీది చుక్క పేక మీది చుక్కతో కలవాలి. వెంట్రుకవాసి జరిగితే బొమ్మ చెదురుతుంది. చెదిరిన ఆ అంచే ఈ గుడ్డకు గుర్తు.

ఇంత శ్రమ ఎందుకు, అచ్చుతో అద్దితే పోలేదా అని అడగొచ్చు. మచిలీపట్నంలో అద్దేవాళ్లు ఉన్నారు కదా. నా జవాబు: అచ్చుగుడ్డకు సీదా ఉల్టా ఉంటాయి. దారాన్నే అద్ది నేసిన గుడ్డకు ఉండవు. తలకు చుట్టినా, మూట కట్టినా, నడుముకు బిగించినా ఏ వైపు బయటికి వస్తుందో ఎవరు చూస్తారు? పనిగుడ్డకు రెండు ముఖాలూ ఒకటే అయ్యుండాలి.

జపాన్‌వాళ్లు ఈ చిక్కును ఇంకో దారిలో విప్పారు. వాళ్ల టెనుగుయి కూడా నూలు పనిగుడ్డే, సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పు, 90 పొడవు. తలకు కట్టుకుంటారు, చేతులు తుడుచుకుంటారు, సామాను చుడతారు. కొసలకు కుట్టు వేయరు, కాబట్టి తొందరగా ఆరుతుంది, అవసరమైతే చించి గాయానికి కట్టు కట్టవచ్చు. మెయిజీ కాలంలో వాళ్లు కనిపెట్టిన చూసెన్ పద్ధతిలో గుడ్డను మడతలు మడతలుగా పేర్చి, రంగు తగలకూడని చోట జిగురు ముద్ద రాసి, పైనుంచి రంగు పోసి కిందినుంచి గాలితో లాగుతారు. రంగు అన్ని మడతల్లోంచీ దిగుతుంది, రెండు వైపులా ఒకేలా వస్తుంది. అదీ ఇదీ సీదా ఉల్టా లేని గుడ్డలే. తేడా ఎక్కడంటే, వాళ్లది ఒక్కసారికి ఎన్నో గుడ్డలు, మనది ఒక్క గుడ్డకు ఎన్నో రోజులు. ఆ గుడ్డ ఇప్పటికీ అక్కడ చౌకగా దొరుకుతుంది, మామూలు ఇళ్లలో వంటింటి కొయ్యకు వేలాడుతుంది. మన రుమాలుకు ఆ భాగ్యం లేకపోవడానికి ఈ లెక్కే మొదటి కారణమని నా అనుమానం.

జపాన్‌తో మనకు బట్టల చుట్టరికం అంతకు ముందే ఉంది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు కోరమాండల్ రేవుల నుంచి అద్దకపు గుడ్డలు నాగసాకికి చేర్చారు. అక్కడ వాటిని సరసా అన్నారు. ముక్క దొరికితే చాలు, తేనీటి గిన్నెల సంచులకూ పొగాకు తిత్తులకూ కుట్టించుకున్నారు. 1778లో ఆ నమూనాల మీద జపాన్‌లో పుస్తకమే అచ్చయింది. ఇక్కడ పక్కదుప్పటిగా పడి ఉండే బట్ట అక్కడ పిడికెడు ముక్కగా పెట్టెలో దాచుకునే వస్తువు! ఆ తరువాత కాలం తిరగబడింది. 1930లలో జపాన్ మిల్లు బట్ట ఇక్కడి బజార్లను ముంచెత్తితే 1933లో బ్రిటిష్ ప్రభుత్వం ఇంగ్లండుది కాని నూలు బట్ట మీద సుంకం 75 శాతానికి పెంచింది. తూర్పు ఆఫ్రికా ఆడవాళ్లు కట్టే కాంగా గుడ్డలను కూడా జపాన్ మిల్లులు అచ్చేసి పంపాయి. రుమాళ్లు దిగే రేవుల్లోనే ఆ మూటలూ దిగాయి.

చీరాల నేతగాళ్లకు ఆ మధ్యలో ఇంకో పేరు వచ్చింది. ఊరిని మునిసిపాలిటీ చేసి పన్నులు వేశారని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల పేరాల జనం ఇళ్లు వదిలి, ఊరి బయట గుడిసెలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. ఆ గుడిసెల ఊరికి రాంనగర్ అని పేరు పెట్టుకున్నారు. మా ఇంటి పక్క రాంనగర్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు గానీ, ఆ పేరున్న సిటీ బస్సు బోర్డు చూసినప్పుడల్లా నాకు చీరాలే గుర్తొస్తుంది.

అప్పటికే ఈ విద్య కృష్ణ దాటి నిజాం రాజ్యంలోకి వచ్చేసింది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో చీరాల చిటికి పని నల్లగొండ జిల్లా పల్లెల్లో పాదుకుంది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, చండూరు. బొమ్మలు కూడా మారాయి. అరబ్బు కొనుగోలుదార్లకు ప్రాణుల బొమ్మలు కూడవు గనుక మొదట్లో అన్నీ గళ్లూ చదరాలే. పోనుపోను ఏనుగు, సింహం, గడియారం, ఆఖరికి విమానం కూడా దిగాయి. మూడు రంగుల చదరంలో ముక్కలు ముక్కలుగా ఎగిరే విమానం! ఎవరు తెప్పించుకున్నారో గానీ నాకు అన్నిటికంటే అదే ముద్దొస్తుంది.

స్వాతంత్ర్యం నాటికి ఎగుమతి పడిపోయింది. తలగుడ్డ కట్టే అలవాటు మన దగ్గరా సన్నగిల్లింది. 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడ్డాక కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివాళ్ల ప్రోత్సాహంతో రుమాలు గళ్లు చీర మీదికి ఎక్కాయి. 1970 దరిదాపుల్లో పోచంపల్లి కుర్రవాళ్లు కాశీ వెళ్లి పట్టునేత నేర్చుకొచ్చారు, ఇక పోచంపల్లి పట్టు కథ మీకు తెలిసిందే. పుట్టపాకవాళ్లు మాత్రం నూనె నూలును వదలలేదు. గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. చీరాలకు రావలసినది పుట్టపాకకు వచ్చిందని మా వేటపాలెం చుట్టాలు చిన్నబుచ్చుకుంటారు. నాకు అలా అనిపించదు. ఎవరు తొక్కుతున్నారో వాళ్లకే రావాలి.

అయితే ఒక మాట చెప్పుకోవాలి. ఇప్పుడు తేలియా రుమాలు పేరుతో ఎక్కువగా అమ్మేది చీర, దుపట్టా. రుమాలు కొలత రుమాలు అరుదు. చీర వల్లే ఆ చేతులకు కూడు దొరికింది, కాదనను. కానీ చీరకు పవిట చెంగు ఒకటి, కుచ్చిళ్లు ఒకటి, పైకి కనబడేది ఒకటి. చదరపు గుడ్డకు అవేవీ లేవు. ఎటు మడిచినా ఒకటే. దాన్ని ఫ్రేము కట్టి గోడకు పెడుతున్నవాళ్లను చూశాను. గాజు వెనక ఉన్న గుడ్డకు చెమట తెలియదు, చెమట తగలకుండా ఆ నూనె ఎందుకు పోశారో చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది? నా మట్టుకు వాసెన కట్టిన అమ్మమ్మే దానికి సరైన మర్యాద చేసింది.

ఈ మధ్య పుట్టపాక పోయినప్పుడు ఒక పెద్దాయనను అడిగాను, చీర వద్దు, తలకు కట్టుకునే కొలతలో అసలు రుమాలు నేసి ఇస్తారా అని.

"ఎవరికి టీచరమ్మా? సారు కడతడా?"

"మా ఇంటాయన కట్టరు గానీ, నేనే వంటింట్లో వాడుకుంటాను."

ఆయన నవ్వి, కోడలి వైపు చూసి, మళ్లీ నా వైపు చూశారు. "వంటింట్లకా? దానికి ఇరవై రోజులు నూనె తొక్కాలె గద."

"అందుకే కదా అడుగుతున్నాను."

ఒక్క రుమాలు కోసం పడుగు వేయరు, అది నాకూ తెలుసు. పడుగు వేస్తే వరుసగా నేయాల్సిందే, లేకపోతే గిట్టుబాటు కాదు. ఇంకొందరిని కూడబెట్టుకుని రమ్మన్నారు, వానలు వెళ్లాక మొదలుపెడదామన్నారు. మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ఒప్పుకున్నారు. చిక్కడపల్లి లైబ్రరీలో పేపర్లు చదవడానికి వచ్చే ఒకాయన నూనె వాసన ఎన్నాళ్లుంటుందని అడిగాడు, చాలా ఏళ్లు ఉంటుందని చెప్పాను, ఆలోచించుకుని చెబుతానన్నాడు. చేపల మార్కెట్‌లో నాకు తెలిసిన హమాలీని కూడా అడిగాను. ధర విని, "అమ్మా, ఆ పైసలకు నాకు షోలాపూర్‌వి డజను వస్తయ్" అన్నాడు.